ఎలక్ట్రిక్ కారుకు ఇంటిదగ్గరే గాలి: నెల్లూరు ప్రాజెక్టు డైరీ

పెట్రోలు కారు ఎలాగూ బంకుకు పోక తప్పదు కాబట్టి, పనిలో పనిగా గాలి కూడా చూపించుకొస్తారు. కరెంటు కారు రాత్రి ఇంట్లోనే చార్జింగ్ ఎక్కుతుంది. బంకు గుమ్మం తొక్కే పనే లేదు. దాంతో గాలి సంగతి గాలికే పోతుంది. డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ గుర్తు వెలుగుతుందిలే అనుకుంటే, చాలా కార్లలో అది గాలి 20 నుంచి 25 శాతం దిగాక గానీ వెలగదు. 36 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండాల్సిన టైరు 29కో 27కో జారేదాకా చల్లగా కూర్చుంటుంది. అప్పటికి టైరు అంచులు అరగడం మొదలై నెలలు గడిచి ఉంటాయి.

అందుకే ఈ ప్రాజెక్టు. నెల్లూరులో తిరిగే ఒక చిన్న ఎలక్ట్రిక్ ఎస్‌యూవీకి గాలి చూడటం, నింపడం, లీకు పట్టడం వీలైనంత వరకు ఇంటిదగ్గరే జరిగేలా ఏర్పాటు చేయడం. బండి దారులు: 16వ నంబరు జాతీయ రహదారి మీద కావలి, ఒంగోలు, అప్పుడప్పుడు మైపాడు తీరం, పని పడితే చీమకుర్తి. టైరు సైజు 215/60 ఆర్16. ఖాళీ బండి బరువు 1,400 కిలోలు.

ఫిబ్రవరి: స్టిక్కరు, గేజి, తొలి రీడింగులు

డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది. ఈ కారుకు ముందు 36, వెనక 36 పీఎస్‌ఐ. అయిదుగురూ సామానూ ఎక్కితే వెనక 39. మీ కారుకు మీ స్టిక్కరే ప్రమాణం. టైరు పక్కన అచ్చేసి ఉండే 44, 51 లాంటి అంకెలు ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పరిమితి. వాటిని చూసి గాలి కొట్టించకూడదు. కొన్ని కార్ల తెర మీద కిలోపాస్కళ్లలోనో బార్లలోనో చూపిస్తుంది. 36 పీఎస్‌ఐ అంటే 248 కిలోపాస్కళ్లు, ఇంచుమించు రెండున్నర బార్లు.

బంకులో గొట్టం పట్టుకున్న కుర్రాడు "అన్ని కార్లకీ ముప్పై రెండే కదన్నా" అంటాడు. పాత చిన్న కార్లకు అది సరిపోయేది. ఈ తరహా ఎస్‌యూవీలో బ్యాటరీ వల్ల అదే మోడల్ పెట్రోలు బండి కంటే సుమారు 200 కిలోలు అదనం. బరువు మోసేది రబ్బరు కాదు, లోపల బిగించి ఉన్న గాలి. బరువు పెరిగితే గాలీ పెరగాలి. టైరు మార్చేటప్పుడు కూడా ఇదే లెక్క: సైజు పక్కన 95 అని ఉంటే ఆ టైరు 690 కిలోలు మోస్తుంది. దుకాణంలో అదే సైజులో తక్కువ అంకె ఉన్నది చవకగా వస్తోందని వేయించుకోవద్దు. 99 అని ఎక్స్‌ట్రా లోడ్ రకం వేస్తే 775 కిలోలు మోస్తుంది. కానీ ఆ పూర్తి బరువు మోయాలంటే దానికి 42 పీఎస్‌ఐ కావాలి. స్టిక్కరు కంటే తక్కువ గాలితో నడుపుతూ "ఎక్స్‌ట్రా లోడ్ టైరే కదా" అనుకుంటే లాభం లేదు.

గేజి: డిజిటల్ రకం, అర పీఎస్‌ఐ వరకు చూపించేది. కొన్నాక దాన్ని పరీక్షించే పద్ధతి ఇది. ఒకే టైరుకు వెంటవెంటనే మూడు సార్లు పెట్టి చూడాలి. మూడు అంకెల మధ్య తేడా అర పీఎస్‌ఐ దాటితే ఆ గేజి వద్దు. తర్వాత నమ్మకమైన అలైన్‌మెంట్ షాపులోని పెద్ద డయల్‌తో ఒకసారి పోల్చి, తేడా ఉంటే గేజి వెనక రాసి అతికించాలి. ఒకటి ఎక్కువ చూపించినా ఎప్పుడూ ఒకే ఒక్కటి ఎక్కువ చూపించే గేజితో పని జరుగుతుంది. పూటకో మాట చెప్పేదానితోనే చిక్కు. గేజిని వాల్వు మీద నిటారుగా, ఒక్క ఒత్తులో నొక్కాలి. వంకరగా పెడితే బుస్సుమని గాలి పోతుంది, అంకె తక్కువ పడుతుంది.

చల్లటి రీడింగు అంటే బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉండాలి, లేదా రెండు కిలోమీటర్ల లోపే తిరిగి ఉండాలి. మన ఊళ్ళో దీనికి ఇంకో షరతు కలపాలి: ఎండ టైరు మీద పడకముందు. తెల్లవారి అయిదున్నర, ఆరున్నర మధ్య అయితే అన్నీ కలిసొస్తాయి.

22 డిగ్రీల దగ్గర తొలి రీడింగు: ముందు కుడి 33.5, ముందు ఎడమ 33, వెనక కుడి 34, వెనక ఎడమ 29.5. ఆరోగ్యంగా ఉన్న టైరు కూడా నెలకు ఒక పీఎస్‌ఐ అటూ ఇటూగా వదులుతుంది, రబ్బరు గుండానే. కాబట్టి మూడు చక్రాలు ఎవరూ పట్టించుకోక దిగినవి. నాలుగోది వేరే కథ. నాలుగింటినీ 36కి తెచ్చాం.

మార్చి: పంపు, 12 వోల్టుల జాగ్రత్త

కారు సాకెట్‌కు తగిలించే 12 వోల్టుల పంపు చాలు. కొనేటప్పుడు చూడాల్సింది 150 పీఎస్‌ఐ అని పెట్టె మీద వేసే గొప్ప కాదు. గొట్టం చివర ఇత్తడి మరచుట్టు ఉందా, అనుకున్న అంకె దగ్గర తానే ఆగుతుందా, ఎంతసేపు ఆగకుండా నడవగలదు అన్నవి చూడాలి. చిన్న పంపులు పది పదిహేను నిమిషాలకే కాలిపోయేంత వేడెక్కుతాయి. రెండు టైర్లు నింపాక కాసేపు ఆపాలి.

ఎలక్ట్రిక్ కారులో ఇక్కడ ఒక మెలిక ఉంది. సీటు కింద ఎంత పెద్ద బ్యాటరీ ఉన్నా సాకెట్‌కు కరెంటు ఇచ్చేది బానెట్ కింది చిన్న 12 వోల్టుల బ్యాటరీ. కారు "రెడీ"లో, అంటే స్టార్ట్ చేసి నడపడానికి సిద్ధంగా, ఉన్నప్పుడు పెద్ద బ్యాటరీ నుంచి కన్వర్టర్ ద్వారా దానికి చార్జింగ్ అందుతుంది. ఉత్త యాక్సెసరీ మోడ్‌లో పెట్టి నాలుగు చక్రాలకూ గాలి కొడితే చిన్న బ్యాటరీ నీరసపడుతుంది. అది పడుకుంటే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు లేవదు. కాబట్టి రెడీలో పెట్టి, గేరు పార్కులోనో న్యూట్రల్‌లోనో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, ఎవరూ సీట్లో కూర్చుని పెడల్ తొక్కకుండా చూసుకుని పని చేయాలి. సాకెట్ ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో మాన్యువల్‌లో ఉంటుంది. పంపు మీద రాసిన ఆంపియర్లు దాని లోపే ఉండాలి.

మరచుట్టు విప్పేటప్పుడు అర నుంచి ఒక పీఎస్‌ఐ పోతుంది. పంపును 37 దగ్గర ఆపి, విప్పి, సొంత గేజితో చూసి ఎక్కువైంది వదలడం తేలిక. పంపు తెర మీది అంకెను చివరి మాటగా తీసుకోవద్దు. అది గొట్టంలో గాలి కదులుతుండగా చూపించేది.

నైట్రోజన్ గురించి: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. దుకాణం నైట్రోజన్‌తో వచ్చే మేలు ముఖ్యంగా తేమ లేకపోవడం. సముద్రం పక్కన తేమ గాలి పీల్చే కంప్రెసర్ ట్యాంకులో నీళ్ళు చేరతాయి. వాటిని రోజూ వదిలే షాపులో మామూలు గాలి కొట్టించినా చాలావరకు అదే మేలు. నైట్రోజన్ పెట్టించాం కదా అని నెలనెలా చూడటం మానేస్తే మాత్రం డబ్బూ దండగే.

ఏప్రిల్: వెనక ఎడమ చక్రం

రెండు వారాల తేడాతో మిగతా మూడూ 35.5 దగ్గర నిలిస్తే వెనక ఎడమ 34కి దిగింది. వారానికి ఒకటి. ఇంత మెల్లటి లీకు పంచర్ షాపు నీళ్ళ తొట్టిలో ఒక్కోసారి బుడగ కూడా వేయదు, వేసినా నిమిషానికో చిన్న పూస.

కుంకుడు నురుగు దీనికి భేషుగ్గా పనికొస్తుంది. గిన్నెలు తోమే లిక్విడ్ అయితే అర లీటరు నీళ్ళకు రెండు చెంచాలు. కుంచెతో రాసి అయిదు నిమిషాలు ఆగాలి. చూసే వరుస: ముందు వాల్వు నోరు, తర్వాత వాల్వు మొదలు రిమ్ములో దిగే చోట కాస్త అటూ ఇటూ వంచి, ఆపైన టైరు రోడ్డుకు ఆనే భాగం అంతా, చివర టైరు అంచు రిమ్మును పట్టుకునే బీడు దగ్గర రెండు వైపులా. లోపలి వైపు బీడు చూడాలంటే చక్రం విప్పాల్సిందే. చాలామంది అక్కడే ఆపేస్తారు. లీకులు ఎక్కువగా దాక్కునేదీ అక్కడే.

జాకీ పెట్టే చోటు ఇక్కడ ప్రాణం. నేల అడుగున రెండు ఇరుసుల మధ్య పరుచుకుని ఉన్నది బ్యాటరీ పెట్టె. పంచర్ షాపు ట్రాలీ జాకీని అలవాటు కొద్దీ మధ్యకు తోసి లేపితే పెట్టె సొట్టపోతుంది. ఆ రిపేరు ముందు టైరు ఖర్చు ఏ మూలకూ రాదు. గడప అడుగున గుర్తులు పెట్టిన నాలుగు చోట్లే జాకీ ఆనించాలి, మధ్యలో రబ్బరు దిమ్మె పెట్టాలి. షాపులో పక్కన నిలబడి చూపించడానికి మొహమాటపడొద్దు.

వాల్వు నోటి దగ్గర బుడగ లేదు. వాల్వు మొదలు దగ్గరా లేదు. రోడ్డు వైపు ఏ మేకూ లేదు. లోపలి బీడు దగ్గర జానెడు పొడుగున సన్నటి నురుగు, ఆవగింజంత బుడగలు ఒకదాని పక్కన ఒకటి లేచాయి. టైరు ఊడదీస్తే కారణం బయటపడింది. అల్లాయ్ రిమ్ము అంచున లక్క (పైన వేసే మెరుగు పూత) పొంగి, దాని కింద తెల్లటి పొడి. మైపాడు ఇసుకలో నిలిపి, ఉప్పు నీటి తడి మీద కడగకుండా వదిలేసిన రిమ్ములకు, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బళ్ళకు ఇది మామూలు జబ్బు. ఆ పొడి రబ్బరుకూ లోహానికీ మధ్య చేరి దారి చేస్తుంది.

చేసిన పని వరుసగా. చక్రానికి లోపల గాలి కొలిచే సెన్సార్ ఉంది కాబట్టి బీడు విడగొట్టే మిషను పలకను వాల్వుకు సరిగ్గా ఎదురు దిక్కున పెట్టించాం. వాల్వు పక్కన పెడితే సెన్సార్ పగులుతుంది. తెల్ల పొడిని 120 నంబరు ఎమెరీ కాగితంతో చేత్తోనే గీకి, 240తో నునుపు చేశాం. గ్రైండర్ వద్దు, అది పొడితో పాటు లోహాన్నీ తినేసి పల్లం చేస్తుంది. గుడ్డతో తుడిచి ఆరబెట్టి, బీడు కూర్చునే చోట బీడ్ సీలర్ పలచగా ఒక్క పూత. టైరు ఎక్కించడానికి టైరు పేస్టే వాడాలి. బట్టల సబ్బు నీళ్ళలోని క్షారం అల్యూమినియాన్ని మళ్ళీ తింటుంది. గ్రీజు రాస్తే ఇంకా చెడ్డ. కరెంటు మోటారు ఒక్కసారిగా లాగే బలానికి టైరు రిమ్ము మీద జారి బ్యాలెన్సింగ్ అంతా పోతుంది. పేస్టు ఆరేదాకా, అంటే మొదటి ఒక రోజు, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కొద్దు.

బీడు టప్పుమని కూర్చోవడానికి 40 పీఎస్‌ఐ దాటి కొట్టకూడదు. కూర్చోకపోతే గాలంతా తీసి, మళ్ళీ పేస్టు రాసి మొదలెట్టాలి. "ఇంకో పది కొడితే కూర్చుంటుందిలే" అనే షాపులో బీడు తీగ తెగి చేతులు పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

ఊడదీసినప్పుడే వాల్వు పిన్ను కూడా కొత్తది. అల్యూమినియం కాడ ఉన్న సెన్సార్ వాల్వుకు నికెల్ పూత ఉన్న పిన్నే వేయాలి. మామూలు ఇత్తడి పిన్ను ఉప్పు గాలికి కాడతో కలిసిపోయి, తర్వాత విప్పబోతే కాడే విరుగుతుంది. అందంగా ఉంటాయని ఇత్తడి, క్రోమియం టోపీలు బిగించడమూ ఇదే కారణంతో వద్దు. పది రూపాయల ప్లాస్టిక్ టోపీ మేలు. ఆ తర్వాత బ్యాలెన్సింగ్. నట్లు మాన్యువల్‌లో చెప్పిన టార్కుకు బిగించి, వంద కిలోమీటర్ల లోపు మళ్ళీ ఒకసారి చూశాం.

మే ఆఖరు, రోహిణి కార్తె

రోళ్ళు పగిలే ఎండల్లో గాలి తగ్గించి నడపాలని, లేకపోతే టైరు పేలుతుందని ఊరంతా చెబుతారు. లెక్క వేస్తే తిరగబడుతుంది. 36 దగ్గర పది డిగ్రీల వేడి పెరిగితే టైరులో గాలి సుమారు 1.7 పీఎస్‌ఐ పెరుగుతుంది. తెల్లారి 30 డిగ్రీల దగ్గర 36 ఉన్నది మధ్యాహ్నం 42కి ఎండలో కదలకుండా ఉన్నా 38 అవుతుంది. రహదారి మీద నడిస్తే ఇంకో నాలుగైదు. టైరు తయారీలోనే ఈ పెరుగుదలకు చోటు ఉంచారు.

ఒంగోలు నుంచి ఎండలో వచ్చి 41 చూసి భయపడి 36కి దించితే, మర్నాడు పొద్దున అదే టైరు 31 చూపిస్తుంది. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ పక్కలు ఎక్కువ వంగి, ఆ వంగడంతోనే లోపల వేడి పుట్టిస్తుంది. వేసవిలో టైర్లు పేలడం వెనక ఎక్కువగా ఉండేది ఇదే, నిండు బరువుతో కలిసి. వేడి టైరు గాలి తీయొద్దు.

పడమటి ఎండ తగిలే వైపు రెండు చక్రాలూ నీడలోని వాటికంటే రెండు మూడు పీఎస్‌ఐలు ఎక్కువ చూపిస్తాయి. సాయంత్రం బంకులో నాలుగూ సమానం చేయించుకుంటే పొద్దుటికి ఒక వైపు తక్కువ.

జులై: రేంజి లెక్క

గాలి తగ్గితే రేంజి సగం పోతుందని ప్రచారం. అంత లేదు. మనుషులతో కలిపి 1,600 కిలోల బండికి టైర్ల దొర్లుడు నిరోధం కోసం బ్యాటరీ నుంచి కిలోమీటరుకు సుమారు 50 వాట్ అవర్లు పోతాయి. మొత్తం ఖర్చు 140 అనుకుంటే మూడో వంతు. 36 నుంచి 30కి దిగితే ఆ నిరోధం ఎనిమిది శాతం దాకా పెరుగుతుంది, అంటే కిలోమీటరుకు నాలుగు వాట్ అవర్లు. మొత్తంలో మూడు శాతం, 250 కిలోమీటర్ల రేంజిలో ఏడెనిమిది. ఏసీ ఒక్కటే ఊరి వేగంలో కిలోమీటరుకు 20 నుంచి 30 లాగే కాలంలో ఇది తెర మీద కనిపించదు. కొలవాలంటే తెల్లారే, ఏసీ ఆపి, నెల్లూరు–కావలి పోయి రావాలి. ఒక వైపే చూస్తే గాలివాటం లెక్క తప్పిస్తుంది.

రేంజి కంటే పెద్ద నష్టం అరుగుదల. టైరుకు అడ్డంగా లోపల, మధ్య, బయట మూడు చోట్ల లోతు కొలవాలి. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. మధ్య అరిగితే ఎక్కువ. ఒక్క అంచే అరిగితే గాలి తప్పు కాదు, అలైన్‌మెంట్ చూపించాలి. ఈ కారు ముందు చక్రాల బండి. లాగేదీ అవే, పెడల్ వదిలినప్పుడు కరెంటు తిరిగి పుట్టించి ఆపేదీ అవే. ముందు టైర్లు త్వరగా అరగడాన్ని గాలితో సరిచేయలేం. ఎనిమిది, పది వేల కిలోమీటర్లకు ముందువి వెనక్కి మార్చడమే. మార్చాక సెన్సార్లకు కొత్త చోట్లు నేర్పకపోతే తెర మీద వెనక చక్రం లీకు ముందు చక్రంగా కనిపిస్తుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వస్తే ఆ టైరు పని అయిపోయినట్టే.

ఆగస్టు: చీమకుర్తి రాయి

గ్రానైట్ లారీలు తిరిగే దారిలో రోడ్డు అంచున పడి ఉండే పెళ్ళలు మేకుల్లా గుచ్చుకోవు, కత్తిలా కోస్తాయి. కోత రోడ్డుకు ఆనే భాగం మధ్యలో ఉండి ఆరు మిల్లీమీటర్ల లోపు అయితే లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారపు ప్యాచ్ వేయించవచ్చు. బయట నుంచి గుచ్చే జిగురు తాడు ఇల్లు చేరడానికే. భుజం మీదో పక్కనో కోత పడితే టైరు మార్చాలి. కొన్ని ఎలక్ట్రిక్ కార్ల టైర్లలో చప్పుడు తగ్గించే స్పాంజి అతికించి ఉంటుంది. ప్యాచ్ పడే చోట అంతవరకే దాన్ని కోసి తీయాలి, మిగతాది కదిలించొద్దు.

స్టెప్నీ లేని కార్లు ఇప్పుడు ఎక్కువ. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి హెచ్చరిక సెన్సార్లు, పంచర్ కిట్టు ఉంటే స్టెప్నీ అక్కర్లేదని 2020లో నిబంధన సవరించారు. కిట్టులోని సీలెంట్ సీసా మీద గడువు తేదీ చూసి పెట్టుకోండి. అది పోసిన టైరును నెమ్మదిగా షాపు దాకా నడిపి, ఊడదీసి కడిగించాలి, లేకపోతే సెన్సార్ రంధ్రం మూసుకుపోతుంది.

సెన్సార్లు లేని కారుకు వాల్వు టోపీల్లా బిగించే బయటి రకం దొరుకుతుంది. ఒక్కోటి పది గ్రాములే. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చక్రం తిప్పే ఊపుకు అది వాల్వును 1.3 కిలోల బలంతో బయటికి లాగుతుంది. పాత రబ్బరు వాల్వు మొదలు దగ్గర చిట్లేది దీనివల్లే. ఇవి పెట్టేవాళ్ళు ముందు లోహపు కాడ వాల్వులు వేయించాలి. బిగించాక నురుగు పరీక్ష తప్పదు: టోపీ పిన్నును నొక్కే ఉంచుతుంది కాబట్టి దాని రబ్బరు రింగు సరిగా లేకపోతే అదే లీకు.

నవంబరు: ముసురు

ఎండాకాలం లీకును కప్పిపెడుతుంది. మే ఆఖరున 30 డిగ్రీల దగ్గర 36 నింపి వదిలేసిన బండికి ఈలోగా సహజంగా ఆరు దాకా పోతుంది. వాయుగుండం పట్టి తెల్లారే వేడి 23కి పడితే ఇంకో 1.2 తగ్గుతుంది. మొత్తం 29 లోపు. ముసురు పట్టిన పొద్దున హెచ్చరిక గుర్తు వెలిగి జనం పంచర్ షాపుకు పరిగెత్తేది అందుకే. చాలావాటికి మేకు దొరకదు.

ఈ కారు రీడింగు, 23 డిగ్రీలు, నెల క్రితం 36 నింపినవి: ముందు కుడి 34.5, ముందు ఎడమ 34.5, వెనక కుడి 35, వెనక ఎడమ 35. వెనక ఎడమ బీడు నిలిచింది. నాలుగూ 36కి తెచ్చాం. వెనక కుడి రిమ్ము లోపలి అంచున లక్క పొంగడం మొదలైంది, లీకు ఇంకా లేదు. ముందు టైర్లు వెనక్కి మార్చే సమయానికి ఆ రిమ్మునూ ఊడదీసి ఎమెరీ పట్టాలి. 240 నంబరు కాగితం, సీలర్ డబ్బా, నికెల్ పిన్నులు నాలుగు తెచ్చి పెట్టుకోవాలి.